విన్నదే చెప్పు

సాయంత్రం కరెంటు పోయింది. కరీంనగర్‌లో మా ఇంట్లో కరెంటు పోతే ముందు ఫ్యాను రెక్కలు గరగరమంటూ నెమ్మదిస్తాయి. తర్వాత వంటింట్లో ఫ్రిజ్ ఒకసారి వణికి ఊరుకుంటుంది. పక్కింటి టీవీలో కోడలి ఏడుపు మధ్యలోనే తెగిపోతుంది. వీధి వీధంతా ఒక్కసారి "అబ్బా" అంటుంది. ఆ అబ్బాకీ, ఎవరో అగ్గిపెట్టె కోసం తడుముకునే చప్పుడుకీ మధ్య ఒక చిన్న ఖాళీ ఉంటుంది. ఆ ఖాళీలో నా అరచేతులు చల్లబడతాయి. ముసలిదాన్నయ్యాను, మోకాళ్లు అరిగాయి, చెవులు కూడా మునుపటిలా లేవు. అయినా నడుస్తున్న చప్పుడేదైనా ఉన్నట్టుండి ఆగితే నా ఒళ్లు చిన్నపిల్ల ఒళ్లయిపోతుంది. ఆ ఖాళీలోంచి లేచి పారిపోకుండా కూర్చోవడం నాకు నేర్పిన మనిషి ఒకామె ఉండేది. ఆమెను మీరు చూసి ఉండరు. చూసినా గుర్తుపెట్టుకునేంత ఆర్భాటం ఆమెలో లేదు. పొట్టి మనిషి, ముతక తెల్లచీర, నెరుస్తున్న జుట్టు బిగించి కట్టిన ముడి, ఎదుటివాళ్లు మాట్లాడుతుంటే కొద్దిగా పక్కకు వంచి పెట్టే తల. పేరు అనసూయమ్మ.

నేను ఆమె దగ్గరికి వెళ్లింది పంతులమ్మల ట్రైనింగు కోసం. ఆంధ్రప్రదేశ్ కొత్తగా ఏర్పడిన రోజులవి. ఊరూరా బడులు తెరుస్తున్నారు, చెప్పడానికి ఆడవాళ్లు దొరకడం లేదు. ఏడో తరగతి గట్టెక్కిన ఆడపిల్ల కనబడితే చాలు, పట్టుకుపోయి ట్రైనింగులో కూర్చోబెట్టేవారు. పెద్దపల్లి దగ్గర ఒక పాత పెంకుటింట్లో మా స్కూలు. తకిలీ మీద నూలు వడకడం, కూరగాయల మడులు తవ్వడం, లెక్కలు, కథలు చెప్పే పద్ధతి, అన్నీ నేర్పేవారు. వాటితోపాటు పొద్దున్నే ప్రార్థన తర్వాత మౌనం. మిగతా పంతుళ్లకు అది గంట కొట్టడానికి ముందు ఆవులించే సమయం. అనసూయమ్మకు మాత్రం అది పాఠం. మేం కూర్చోవడం ఒక్కటే చాలదు, రేపు పిల్లలను ఎలా కూర్చోబెట్టాలో కూడా నేర్చుకోవాలనేది ఆమె పట్టు. పిల్లలను ఊరుకోబెట్టడానికి ట్రైనింగెందుకు, బెత్తముంటే చాలదా అని మేం చాటుగా నవ్వుకునేవాళ్లం.

మొదటి రోజు కళ్లు మూసుకు కూర్చోమంది. తెరవమన్నాక ఒక్కొక్కరినీ అడిగింది, ఏం వినబడింది అని. అందరూ ఏమీ వినబడలేదన్నారు. చాలా బాగా మౌనంగా ఉన్నామని వాళ్ల ధీమా. నా వంతు వచ్చింది. నాకూ ఏమీ వినబడలేదు, నిజానికి ఎప్పుడు లేద్దామా అన్న ఆత్రం తప్ప. కానీ ఊరికే ఉంటే నేనెందుకవుతాను? "కోయిల అరిచిందమ్మా, చాలా మధురంగా" అన్నాను.

"గీ వానల్ల కోయిల యాడిది బిడ్డా?" అంది ఆమె.

అందరూ గొల్లుమన్నారు. ఆమె నవ్వలేదు, కోప్పడలేదు. "నోరు మూసుకునుడు మౌనం కాదు. అది దెబ్బల భయం. మౌనమంటే చెవులు తెరుసుడు. మొదలు దూరం చప్పుళ్లు వినున్రి, తర్వాత దగ్గరియి, ఆఖరుకు మీ ఊపిరి. విన్నదే చెప్పాలె. విననిది విన్ననని చెప్పొద్దు, అది ఎంత మంచిదైనా సరే" అంది. నేను సిగ్గుతో తల దించుకున్నాను గానీ, లోపల మాత్రం ఈమె చాదస్తానికి మందు లేదనుకున్నాను.

మిగతా అమ్మాయిలు నాలుగు రోజులకే కుదురుకున్నారు. నా వల్ల కాలేదు. కూర్చోగానే దగ్గు వచ్చేది, పక్కదాని జడ లాగాలనిపించేది, ఏమీ లేకపోతే గొంతులో కూనిరాగం దానంతటదే బయల్దేరేది. వాగుడుకాయనని పేరు ఉండనే ఉంది, కొంటెతనమని అందరూ అనుకున్నారు. అది భయమని నాకు కూడా తెలియదు. మాది నేతగాళ్ల ఇల్లు. నాన్నను బాపు అనేవాళ్లం, అమ్మను అవ్వ. బాపుది గుంట మగ్గం. వాడలో ఎటు చూసినా మగ్గాలే, తెల్లవారింది మొదలు దీపాలు పెట్టేదాకా టక్కు టక్కుమనే చప్పుడే. ఆ చప్పుడులోనే మేం నిద్రపోయేవాళ్లం, పాలు తాగేవాళ్లం, పోట్లాడుకునేవాళ్లం. వాడలో ఎవరైనా పోతే మాత్రం శవం వాడ దాటేదాకా ఏ ఇంట్లోనూ మగ్గం ఆడకూడదు. అది మా కట్టుబాటు. కబురు రాకముందే ఒక మగ్గం తర్వాత ఒక మగ్గం ఆగిపోవడం వినబడేది. ఆడుకుంటున్న పిల్లలం కూడా ఎక్కడివాళ్లం అక్కడ నిలబడిపోయేవాళ్లం. ఒకనాడు అట్లా ఆగిన మొదటి మగ్గం మా ఇంటిదే. బాపు నేస్తూ నేస్తూ పక్కకు ఒరిగాడు. ఆయనను బయట పడుకోబెట్టారు, అవ్వ గుండెలు బాదుకుని బాదుకుని సొమ్మసిల్లింది, వాడంతా మూగబోయింది. నేను ఆ నిశ్శబ్దాన్ని ఓర్వలేక ఇంట్లోకి పోయి, గుంటలోకి దిగి, తొక్కుడు చెక్కల మీద నిలబడి ఖాళీ మగ్గాన్ని టకటకా ఆడించాను. మా పెద్దబాపు వచ్చి చెంప పగలగొట్టి ఎత్తుకుపోయాడు. శవం లేవకముందే మగ్గం ఆడించిన పిల్లనని వాడలో చాలాకాలం చెప్పుకున్నారు.

ట్రైనింగులో చివరన మా చేత పాఠాలు చెప్పించి చూస్తారు. నాకు పడిన బడి పెద్దపల్లిలోనే నేతగాళ్ల వాడ అంచున ఉంది. నాకు ఇచ్చిన పాఠమేమిటో చెప్పనక్కర లేదు, మౌనమే. అనసూయమ్మ వెనక గోడకానుకుని కూర్చుంది. నేను పిల్లలను కళ్లు మూసుకోమన్నాను, కదలొద్దన్నాను, చప్పుడు చెయ్యొద్దన్నాను. పిల్లలు బుద్ధిగా మూసుకున్నారు. బడి మొత్తం సద్దుమణిగింది. అప్పుడు ముందు వరసలోని ఒక బుడతడు కళ్లు తెరవకుండానే గుసగుసగా అడిగాడు.

"ఎవరు సచ్చిన్రు టీచరమ్మా?"

మిగతా పిల్లలు చేతులు కట్టుకుని తలలు వంచారు. నాకు ముందు నవ్వు వచ్చింది. పగలబడి నవ్వాను. ఆ నవ్వు ఎక్కడ మలుపు తిరిగిందో తెలియదు, కాసేపటికి పిల్లల ముందు వెక్కి వెక్కి ఏడుస్తున్నాను. అనసూయమ్మ లేచి వచ్చి పిల్లలను ఆటకు వదిలి, నన్ను అరుగు మీద కూర్చోబెట్టింది. మగ్గాల సంగతి, బాపు సంగతి అంతా కక్కేశాను. ఆమె తల పక్కకు వంచి విన్నది. ఓదార్చలేదు. ఓదార్పు మాట ఒక్కటైనా చెప్పదేమని నాకు కోపం కూడా వచ్చింది.

అంతా విన్నాక అంది: "సత్తెమ్మా, నీకు మగ్గం ఆగుడు తెలుసు. మౌనం తెల్వదు. రెండూ ఒకటి గాదు. మగ్గం ఆగినంక ఆడ ఏం మిగిలిందో నువ్వు వినలే. వినకముందే పోయి తొక్కినవ్."

"వింటే ఏమైతుండెనమ్మా? బాపు లేస్తుండెనా?"

"లెవ్వడు. ఏం గాకపోతుండె. మీ అవ్వ ఊపిరి వినవడుతుండె, అంతే."

ఆ మాట నాకు దెబ్బలా తగిలింది. బాపు పోయిన రోజంతా అవ్వ నా పక్కనే ఉంది, నాకు ఆమె గుర్తే లేదు. గుర్తున్నదల్లా ఆగిన మగ్గమే. మర్నాటి నుంచి కూర్చోవడం మొదలుపెట్టాను. దగ్గు వచ్చింది, కూనిరాగం వచ్చింది, వస్తే రానిచ్చాను. కొన్నాళ్లకు పెంకుల మీద ఉడుత నడక వినబడింది. తర్వాత పక్కనున్న అమ్మాయికి జలుబు చేసిందని ఆమె ఊపిరిని బట్టి తెలిసింది. ఇవేమంత గొప్ప విషయాలు కావు. కానీ ఒక రోజు సెలవుకు ఇంటికి పోయి అవ్వ పక్కన పడుకుని, ఆమె ఊపిరి చివర ఈల లాంటి చిన్న చప్పుడుందని విన్నాను. అది ఎన్నేళ్లుగా ఉందో. అవ్వను దవాఖానాకు తీసుకుపోయాను.

ట్రైనింగు అయ్యాక నన్ను గోదావరి అవతల బొగ్గు బాయిల ఊరికి వేశారు. బాయి అంటే నీళ్ల బాయి కాదు, ఆ పక్క గనిని బాయి అనే అంటారు. ఎక్కడెక్కడి నుంచో వచ్చిన వాళ్లు, ఎవరి యాస వారిది, కంపెనీ ఇచ్చిన వరస ఇళ్లు, అన్నింటి మీదా ఒకటే నల్లటి పొడి. బడి వెనకే బాయి. లోపలి నుంచి బొగ్గు తొట్లను పైకి లాగే ఇంజను పగలంతా గుర్రుగుర్రుమంటూనే ఉండేది. నాకు ప్రాణం లేచి వచ్చింది. మగ్గాల వాడలాగే ఇక్కడా చప్పుడు ఉంది కదా అనుకున్నాను. నేర్చుకున్నదాన్ని నేర్పడం మొదలుపెట్టాను. పిల్లలు ఇట్టే పట్టుకున్నారు, వాళ్లకు అదొక ఆట. కళ్లు మూసుకుని విని, ఎవరు ఏం విన్నారో చెప్పడం. రైలు కూత, రేషన్ దుకాణం దగ్గర లొల్లి, ఎవరింట్లోనో పిండి విసురుతున్న చప్పుడు, అన్నీ చెప్పేవారు.

అందరికన్నా బాగా వినేది గంగు. బోథ్ అనే ఊరి నుంచి బతుకుదెరువుకు వచ్చిన వాళ్ల బిడ్డ. తండ్రి బాయిలో బొగ్గు కొట్టే పని, తల్లి భాగవ్వ. గంగు ఎండుపుల్లలా ఉండేది, మాట మాత్రం సూటిగా ఉండేది. ఇంజను గుర్రు విని తొట్లు నిండుగా వస్తున్నాయో ఖాళీగా దిగుతున్నాయో చెప్పేది. "గివి మా బాపు కొట్టిన బొగ్గు టీచరమ్మా" అని కూడా చేర్చేది. "అది విన్నవా, అనుకున్నవా?" అని నేను అనసూయమ్మలా అడిగితే, నాలుక కరుచుకుని "అనుకున్న" అనేది. నాకు ఆ పిల్ల మీద ముద్దు. నేను పంతులమ్మనైనందుకు మొదటిసారి గర్వపడ్డది గంగును చూసే.

ఆ రోజు కూడా మామూలుగానే కూర్చున్నాం. ఎండ బాగా వచ్చింది, పిల్లల తలల నూనె వాసన. దూరపు చప్పుళ్లు వినమన్నాను. కాసేపటికి గంగు అంది, "టీచరమ్మా, ఇంజన్ ఆగింది."

"అది నడుమ నడుమ ఆగుతది గదా బిడ్డా. కళ్లు మూసుకో."

"గట్ల గాదు. తొట్లు పైకి రాలే. సగంల ఆగింది."

పిల్లలందరి కళ్లు తెరుచుకున్నాయి. వాళ్లు నా వైపు చూడలేదు, గోడ వైపు చూశారు. ఆ గోడ అవతల బాయి.  నేను వాళ్లను ఎప్పుడూ అంత మౌనంగా చూడలేదు. ఎంతసేపో తెలియదు, నా బతుకులో అంత పొడుగు సమయం ఇంకొకటి లేదు. తర్వాత బాయి మీద ఆపద సైరన్ కూత మొదలైంది. అది ఆగకుండా కూస్తూ ఉండగానే బయట ఆడవాళ్లు పరుగెత్తుతున్న చప్పుడు. చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని, పిండి చేతులతో, చంకలో పిల్లలతో. నా పిల్లలు లేచి కిటికీల నుంచి కూడా దూకి వాళ్ల వెంట పోయారు. గంగు ఒక్కతే కూర్చున్న చోట నుంచి లేవలేదు. చేయి పట్టుకుని లేపితే చెక్కలా ఉంది.

లోపల కప్పు కూలింది. మర్నాడు పైకి తెచ్చిన వాళ్లలో గంగు తండ్రి ఉన్నాడు. ముఖం చూపించలేదు. భాగవ్వ కాళ్లను చూసి గుర్తుపట్టింది. బాయి దగ్గర నేను చూసినవన్నీ రాయను, రాసి ప్రయోజనం లేదు. ఆ కాళ్ల మడమల పగుళ్లలో బొగ్గు ఉంది, అది కడిగినా పోలేదు, అది మాత్రం చెప్తాను.

బడి మళ్లీ తెరిచాక కొందరు తల్లులు వచ్చి, పిల్లలను శవాల ముందు కూర్చోబెట్టినట్టు కూర్చోబెట్టానని, అందుకే బాయి ఆగిందని అన్నారు. వాళ్లతో వాదించలేదు. దుఃఖంలో ఉన్నవాళ్లకు నింద వేయడానికి ఎవరో ఒకరు కావాలి. భాగవ్వ వాళ్లలో లేదు. ఆమె ఒక్కతే, గంగు రెక్క పట్టుకుని వచ్చింది. గంగు చేతిలో సత్తు పళ్లెం ఉంది, చిన్న రాయితో దాన్ని టంగు టంగుమని కొడుతోంది. ఆపడం లేదు.

"పొద్దున లేస్తే గిదే టీచరమ్మా. తినుమంటె తినదు, పండుమంటె పండదు. పళ్లెం గుంజుకుంటె గోడ కొడ్తది, గోడ కాడికెల్లి ఈడిస్తె నోటితోని చప్పుడు జేస్తది. జర సప్పుడు ఆగిందంటె బెదిరి ఒణుకుతది. కొట్టిన గూడ. ఇగ నాతోని కాదు" అంది. తర్వాత నా ముఖంలోకి చూసి అంది: "ఇనుడు నేర్పింది నువ్వే గద. గిప్పుడు ఇనకుండ ఉండుడు గూడ నువ్వే నేర్పు."

 నాది తప్పని ఆమె అనలేదు, నేనూ అనుకోలేదు. నేను నేర్పినా నేర్పకపోయినా ఆ కప్పు కూలేది. కానీ ఈ పిల్ల ఆ సగంలో ఆగిన ఇంజనును అందరికన్నా ముందు విన్నది, ఇక వినకుండా ఉండడం దాని చేత కాదు. గుంటలో దిగి ఖాళీ మగ్గం తొక్కిన పిల్ల నా ముందు మళ్లీ నిలబడినట్టే ఉంది. తెలిసిన జబ్బే, మందు మాత్రం తెలియదు. చేతనైనవన్నీ చేశాను. పాటలు పాడించాను, ఒళ్లో కూర్చోబెట్టుకున్నాను, పళ్లెం మీద గుడ్డ కప్పాను. గుడ్డ కప్పిన రోజు ఆ పిల్ల తల గోడకు కొట్టుకుంది. హెడ్మాస్టరు మంచివాడే, కానీ ఆయనకూ ఓపిక అయిపోయింది. "ఒక్క పోరితోని బడి మొత్తం పరేషాన్. పేరు తీసేసి ఇంటికి పంపున్రి" అన్నాడు. పంపితే ఆ ఇంట్లో గంగు ఏమవుతుందో నాకు తెలుసు. తల్లికి పిచ్చెక్కుతుంది, లేదా పిల్లకు. అనసూయమ్మకు కబురు చేశాను, ఏం చేయాలో చెప్పమని. జవాబు రాలేదు, ఆమే వచ్చింది.

జోలె సంచి భుజాన వేసుకుని బడి మెట్లెక్కింది. నీళ్లు కూడా తాగకుండా "ఏది పిల్ల?" అంది. గంగు వరండాలో స్తంభానికి ఆనుకుని పళ్లెం కొడుతోంది. ఇప్పుడు ఈమె ఏదో మంచి మాట చెబుతుంది, కళ్లు మూసుకోమంటుంది, పిల్ల నెమ్మదిస్తుంది అని నేను ఎదురుచూస్తున్నాను. అనసూయమ్మ గంగు పక్కన చతికిలబడింది. సంచిలోంచి తన అన్నం గిన్నె తీసి, పక్కనున్న రాయి అందుకుని, తానూ టంగు టంగుమని కొట్టడం మొదలుపెట్టింది.

నాకు మతి పోయినంత పనైంది. హెడ్మాస్టరు గదిలోంచి వచ్చి చూసి, చెవులు మూసుకుని మళ్లీ లోపలికి పోయాడు. జీవితమంతా మౌనం నేర్పిన మనిషి, నెరిసిన జుట్టుతో, వరండాలో కూర్చుని గిన్నె కొడుతోంది. గంగు గబగబా కొడితే ఆమె గబగబా. గంగు గట్టిగా కొడితే ఆమె గట్టిగా. ఆపమని ఒక్కసారి కూడా అనలేదు. ఎండ వరండాలోంచి జారి మెట్ల మీదికి పోయింది. పిల్లలు చుట్టూ చేరి, విసిగి, వెళ్లిపోయారు. గంగు మొదటిసారి తల తిప్పి ఆమె చేతిని చూసింది. తర్వాత కొంచెం నెమ్మదించింది. ఆమె కూడా. ఇద్దరి దెబ్బల మధ్య కాస్త కాస్త ఎడం వచ్చింది. చివరికి అనసూయమ్మ రాయి కింద పెట్టింది.

"ఆపకు" అంది గంగు, బెదిరిపోయి.

"ఆపలే బిడ్డా. చెయ్యి నొస్తుంది జర. ఈడనే ఉన్న."

గంగు రాయి ఎత్తి పట్టుకుంది, కొట్టలేదు. ఆమెనే చూస్తోంది.

"ఏం వినవడ్తుంది?" అని అడిగింది అనసూయమ్మ.

గంగు ఆమె వైపు చెవి పెట్టి అంది, "నువ్వు ఆయాసపడ్తున్నవ్."

"అవు. ముసలిదాన్ని గద. ఇంకేం?"

 రాయి గంగు చేతిలోంచి జారింది. తండ్రి పోయినప్పటి నుంచి ఆ పిల్ల ఏడవలేదు. అప్పుడు ఏడ్చింది, నోరంతా తెరిచి, అనసూయమ్మ ఒళ్లో తల పెట్టి. భాగవ్వను పిలిపించాను. ఆమె మెట్ల కింద నిలబడి, బిడ్డ ఏడుపు విని, అక్కడే నేల మీద కూలబడింది.

ఆ సాయంత్రం నా గదిలో అనసూయమ్మకు జొన్నరొట్టె చేసి పెట్టాను. చెయ్యి వాచింది, రొట్టె తుంచలేకపోతోంది. నేనే తుంచి పెట్టాను. "మౌనం చెప్తరనుకున్న, మీరు గిన్నె కొట్టవడ్తిరి" అన్నాను.

ఆమె ఎప్పుడూ తన సంగతి చెప్పేది కాదు. ఆ రోజు చెప్పింది. రజాకార్ల గడబిడ నాడు లక్సెట్టిపేటలో ఆమె పెనిమిటి ఉప్పు కోసం బయటికి పోయాడు. మళ్లీ రాలేదు. ఎవరు పట్టుకుపోయారో, ఏమైందో కబురు లేదు, శవం లేదు. "అడుగుల చప్పుడు కోసం విన్న సత్తెమ్మా. ఏండ్లు విన్న. బాటల పోయే ప్రతి మనిషి నడక నాకు తెల్సు. గా నడక ఒక్కటి రాలే. వినంగ వినంగ, దాని వెనక ఉన్నయన్నీ వినవడ్డయి. గాలి, పశులు, పక్కింట్ల పసిపోరడు. ఇగ గివన్న ఉన్నయి గదా అని బతికిన."

"మీకు మౌనమంటే ఇష్టమనుకున్న."

"భయం. ఇప్పటికీ. భయమున్నోళ్లే జర జాగ్రత్తగ నేర్పుతరు. ఇష్టమున్నోళ్లు పిల్లల్ని తోసేస్తరు దాంట్లకు" అంది. రొట్టె ముక్క నమిలి మింగి, "పిల్లకు నువ్వు నేర్పింది తప్పు గాదు. కానీ ఒంటిగ వినుమనకు. వినేటోళ్ల పక్కన ఇంకో మనిషి ఉండాలె" అంది. ఆ మాట నేను తర్వాత ఎందరో పంతులమ్మలకు చెప్పాను, ఆమె చెప్పినంత బాగా ఎప్పుడూ చెప్పలేదు.

గంగు పేరు కొట్టేయలేదు. పళ్లెం మోగడం తగ్గింది, తినసాగింది, తల్లి కొంగు పట్టుకుని పడుకోసాగింది. కథ ఇక్కడ ఆగితే బాగుండేది. కానీ కంపెనీ ఇల్లు బాయిలో పనిచేసేవాళ్లకే. పనిచేసే మనిషి లేడు కాబట్టి ఖాళీ చేయమన్నారు. భాగవ్వ బోథ్‌లో అన్నగారింటికి ప్రయాణమైంది. ఆ అన్న ఎట్లాంటివాడో ఆమె ముఖం చూస్తేనే తెలిసింది. నేను బస్సు దగ్గరికి పోయాను. గంగు కిటికీ పక్కన కూర్చుంది, ఒళ్లో అదే సత్తు పళ్లెం.

"మా ఊర్ల ఇంజన్ లేదట టీచరమ్మా" అంది.

"లేదు బిడ్డా. చేన్లు ఉంటయి."

"ఇంజన్ లేకుంటె మరి ఆగుడు గూడ ఉండది గదా?"

విన్నదే చెప్పాలని నేర్చుకున్నదాన్ని, నేర్పినదాన్ని. ఏం చెప్పను? బస్సు కదిలింది. ఆ పిల్లకు జవాబు చెప్పకుండానే చేయి ఊపాను. తర్వాత బోథ్ వైపు వెళ్లేవాళ్లు కనబడితే అడిగేదాన్ని. ఒకరు కూలికి పోతున్నారన్నారు, ఒకరు మహారాష్ట్ర పక్కకు పోయారన్నారు. అంతే.

కొన్నేళ్లకు అనసూయమ్మకు బాగా లేదని తెలిసి లక్సెట్టిపేట పోయాను. ఆమెకు నా అనేవాళ్లు లేరు, పక్కింటివాళ్లు చూస్తున్నారు. బాటకు ఆనుకునే ఇల్లు, మంచం వాకిలి దగ్గరే వేయించుకుంది. చూపు పోయింది, చెవులూ సరిగా లేవు. చేయి పట్టుకుంటే నేనని గుర్తుపట్టింది. మధ్యాహ్నం మెల్లగా అడిగింది, "సత్తెమ్మా, ఏం వినవడ్తుంది చెప్పు. నాకిప్పుడు వినవడ్తలేదు."

నేను తల పక్కకు వంచి విన్నాను. గోదావరి మీది గాలికి తాటాకు కదులుతోందని చెప్పాను. ఎవరో బిందె కడుగుతున్నారని, బండి ఒకటి ఇరుసు కిర్రుమంటూ పోతోందని చెప్పాను. ఒక పసిపిల్ల గునుస్తోందని చెప్పాను. ఆమె ఒక్కొక్కదానికీ తల ఊపింది. తర్వాత అడిగింది.

"అడుగులు?"

నేను బాట వైపు చూశాను. మిట్టమధ్యాహ్నం, మనిషి అన్నవాడు లేడు. చెప్పేయొచ్చు. ఎవరో వస్తున్నట్టున్నారమ్మా అనొచ్చు, ఆమె ఆ మాట పట్టుకుని పోయేది. నా నోటి దాకా వచ్చింది. కానీ ఆ మనిషి అబద్ధపు కోయిలను కూడా ఒప్పుకోలేదు.

"లేవమ్మా" అన్నాను.

ఆమె నా చేతిని నొక్కింది. "మంచిగ విన్నవ్" అంది.

సాయంత్రానికి పోయింది. నేను పక్కనే ఉన్నాను. ఆమె ఊపిరి ఆగినప్పుడు లేచి పారిపోలేదు, ఏదో ఒకటి తీసుకుని కొట్టలేదు. ఆగినంక ఏం మిగిలిందో విన్నాను. నా ఊపిరే.

ఇప్పుడు కూడా కరెంటు పోయినప్పుడు నేను వెంటనే దీపం వెలిగించను. అరచేతులు చల్లబడతాయి, పడనిస్తాను. దూరం నుంచి దగ్గరికి ఒక్కొక్కటే వింటాను, వినబడినవాటి పేర్లు పైకే చెప్పుకుంటాను. అన్నీ అయ్యాక, బోథ్ పోయిన ఆ పిల్ల పళ్లెం చప్పుడు కోసం కాసేపు చెవి పెడతాను. ఎన్నడూ వినబడలేదు. వినబడలేదనే చెప్పుకుని, లేచి దీపం వెలిగిస్తాను.